మందబుద్ధి బిడ్డదా? బడిదా?

కోలారు జిల్లాలోని ముళబాగిలు, శ్రీనివాసపురం ప్రాంతాలలో వేలాది కుటుంబాలకు ఇంటి భాష తెలుగు. బడి భాష మాత్రం కన్నడం, కాకుంటే ఇంగ్లీషు. ఆ ఇంటినుండి ఈ బడికి వెళ్ళిన పసిబిడ్డ తొలినాళ్ళలో మాట తోచక నిలబడిపోతుంది. ఆ మౌనానికి పెద్దలు తగిలించే బిరుదులు మూడు: 'స్టుపిడ్', 'ఇడియట్', 'డంబ్'. బడిలో పంతులు అంటాడు. సాయంత్రం ఇంట్లో తల్లిదండ్రులమైన మనమూ అంటాము. ఈ తిట్ల పుట్టుపూర్వోత్తరాలు ఎరిగినవారికి వీటిని బిడ్డపై విసరడానికి నోరు రాదు.

'స్టుపిడ్' లాటిన్ నుండి వచ్చింది. మూలార్థం దిమ్మెరపోయినవాడు, నిశ్చేష్టుడు. అర్థంకాని భాష ఎదుట బిడ్డ దిమ్మెరపోతే అది బిడ్డ దోషమా, దిమ్మెరపరచినవారి దోషమా? 'డంబ్' అంటే పాత ఇంగ్లీషులో మూగ అని మాత్రమే అర్థం. మాట రానివాడికి బుద్ధి లేదన్న అర్థం తరువాత బలపడింది. 'ఇడియట్' గ్రీకు పదం. పదవి లేక, ప్రజాకార్యాలలో పాల్గొనక, తన పని తాను చూసుకునే సామాన్యుడిని వారు అలా పిలిచారు. సామాన్యుడు మూర్ఖుడుగా మారడానికి ఎంతో కాలం పట్టలేదు. ఇక 'డన్స్' కథ వింత. 1308లో మరణించిన జాన్ డన్స్ స్కాటస్ ఐరోపా గర్వించిన తత్త్వవేత్త. పదహారవ శతాబ్దంలో కొత్త చదువులవారు ఆయన అనుయాయులను ఎగతాళి చేస్తూ ఆ పేరునే తిట్టుగా మార్చారు. మహాపండితుని పేరు మొద్దబ్బాయికి మారుపేరైంది! తిట్టు తెలివిని కొలవదు. ఎవరి మాట చెల్లుబాటైందో చెబుతుంది, అంతే.

ఈ మాటలు శాస్త్రం వేషం వేసుకున్నప్పుడు మరింత ప్రమాదం జరిగింది. 1910లో అమెరికాలో హెన్రీ గొడార్డ్ అనే మనస్తత్వవేత్త గ్రీకు పదం ఆధారంగా 'మోరాన్' అన్న మాటను సృష్టించాడు. ఆపై న్యూయార్కు రేవులో దిగిన వలసదారులకు బుద్ధి పరీక్షలు జరిపించి, పరీక్షకు గురైన యూదులు, ఇటాలియన్లు, హంగేరియన్లు, రష్యన్లలో ఐదింట నాలుగు వంతులు మందబుద్ధులని 1917లో ప్రకటించాడు. సముద్రం దాటి, అలసి, పరభాష మధ్య బిక్కచచ్చి నిలబడినవారికి పెట్టిన పరీక్ష అది! మన దేశపు చట్టమూ ఇందుకు అతీతం కాదు. 1912 నాటి భారత ఉన్మాదుల చట్టంలో 'ఇడియట్' అన్నది చట్టబద్ధమైన పదం. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం దానిని తొలగించింది. చట్టం విడిచిన మాటను మన బడి ఎందుకు పట్టుకొని వేలాడుతున్నది?

కారణం మన నేలలోనే ఉన్నది. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టినది మొదలు గోల్డ్ ఫీల్డ్స్ 'చిట్టి ఇంగ్లండు' అనిపించుకున్నది. దొరల బంగళాలు, క్లబ్బు ఒకవైపు. కార్మికుల లైన్లు మరొకవైపు. 'కూలి' అంటే మన భాషలలో చేసిన పనికి ముట్టే ప్రతిఫలం. దొర నోట అది మనిషికి పేరైంది. దక్షిణాఫ్రికాలో భారతీయులందరికీ తిట్టైంది. గాంధీజీ వంటివారినే అక్కడ 'కూలీ బారిస్టర్' అన్నారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇంగ్లీషు వచ్చినవాడు తెలివైనవాడు, రానివాడు మొద్దు అన్న కొలబద్ద మాత్రం మూతపడలేదు.

"ముద్దుగా అంటాములెండి, మాటకేముంది?" అనేవారికి చట్టమే సమాధానం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బిడ్డను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. 29వ సెక్షను సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధించమన్నది. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలన్నది. 2014లో సుప్రీంకోర్టు కర్ణాటక కేసులో బోధనామాధ్యమాన్ని ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదేనని తీర్పు చెప్పింది. మంచిదే. కాని తెలుగు తరగతే లేని ఊరిలో ఆ హక్కు విస్తరిలో వడ్డించని అన్నం వంటిది.

కన్నడంపై మనకు ద్వేషం లేదు. అది ఈ రాష్ట్రభాష. మన బిడ్డలు దానిని చక్కగా నేర్వవలసిందే. ఇంగ్లీషూ కావలసిందే. ఇంటి భాష పునాదిగా ఆ రెండూ కట్టమంటున్నాము, పునాది తవ్వి కాదు. అదే నోటితో మన ఇంటినీ సరిచేసుకోవాలి. పక్కింటి తమిళుల మాటను 'అరవగోల' అని నవ్వే నాలుకకు, మన బిడ్డను 'డంబ్' అన్నవారిని నిలదీసే అర్హత ఎక్కడిది?

కనుక తల్లిదండ్రులారా, మూడు పనులు చేయండి. ఇంట్లో ఈ మాటలు మానండి. బడిలో వినబడితే పాఠశాల నిర్వహణ సమితికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి. తెలుగు బోధన కోరుతూ విద్యాశాఖకు పదిమంది సంతకాలతో అర్జీ పెట్టండి. ప్రతి భాషా అల్పసంఖ్యాకుల కమిషనరుకూ పంపండి. మన బిడ్డ మూగది కాదు. ఆ బిడ్డ భాషకు చెవి ఒగ్గనివారిదే చెవుడు.