మైదానము దాటిన పిదప

విక్టోరియా రాణి కాలపు క్రీడాచరిత్రను చెప్పువారు 1868వ సంవత్సరమును తరచు విస్మరింతురు. ఆ యేడు ఆస్ట్రేలియా ఆదిమవాసుల క్రికెట్ జట్టు ఇంగ్లండునకు పోయి 47 ఆటలాడినది. 14 గెలిచి, 14 ఓడినది. తక్కినవి ఎటూ తేలలేదు. జానీ మల్లా 1,698 పరుగులు తీసి, 245 వికెట్లు పడగొట్టెను. కింగ్ కోల్ జబ్బుపడి లండనులోనే కన్నుమూసెను. ఆట ముగిసిన పిదప వారిచే బల్లెములు, బూమరాంగులు విసరించి జనులు వినోదించిరి.

మరుసటి యేడే విక్టోరియా వలసరాజ్యమున నొక చట్టము వచ్చి, ఆదిమవాసులు ఎచట నివసింపవలెనో నిర్ణయించు అధికారమును ప్రభుత్వమున కొసగినది. బంతి ముందు సమానుడైనవాడు గడప దాటుటకు అనుమతి వేడవలసి వచ్చినది! 2020 నుండి మెల్బోర్నులో బాక్సింగ్ డే టెస్టున మేటి ఆటగానికి మల్లా పతకము నిచ్చుచున్నారు. అది ఉచితమే. కాని పరుగుల లెక్క నేర్పు ఉపాధ్యాయుడు ఆ చట్టమును గూడ నేర్పవలెను. అప్పుడే అది చరిత్ర యగును.