రెండో డికాషన్ ప్రేమకథలు

కాఫీ ఫిల్టర్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మొదటి డికాషన్ చిక్కగా, నల్లగా దిగుతుంది. ఇంతలో అనుకోకుండా చుట్టాలు దిగారనుకోండి, ఆ పొడి మీదే మళ్ళీ నీళ్ళు పోస్తాం. రంగు వస్తుంది, వేడీ ఉంటుంది. తాగినవాళ్ళు మొహమాటానికి బాగుందంటారు గానీ, కలిపిన మనకి తెలియదూ అది కాఫీ కాదని!

కొన్ని నవలల రెండో భాగాలు, మూడో భాగాలు, నాలుగో భాగాలు ఇలాగే ఉంటాయి. వారం వారం సీరియల్ కోసం పోస్ట్‌మాన్ దారి చూసిన అమ్మల కడుపున పుట్టినవాళ్ళం కనుక, "సశేషం" అన్న మాట మనకి కొత్తేమీ కాదు. కానీ ఈ వారం నేను చెప్పబోయేది మన సీరియళ్ళ గురించి కాదు, అమెరికా వాళ్ళ వాంపైర్ ప్రేమకథల గురించి. మా ఆడపడుచు కూతురు వదిలి వెళ్ళిన పుస్తకాలతో మొదలుపెట్టాను. నాది ఇంటర్‌తో ఆగిన ఇంగ్లీషే. అయినా పక్కన డిక్షనరీ పెట్టుకుంటే ఇబ్బంది లేకుండానే సాగాయి. మన ఇళ్ళలో కాలేజీ ఆడపిల్లలు చాలామంది వీటిని చదివారు, సినిమాలుగా చూశారు. అందుకని మనమూ తెలుసుకుంటే మంచిది.

వాంపైర్ అంటే చచ్చీ చావని మనిషి. రక్తం తాగి బతుకుతాడు, ముసలితనం రాదు. 1897లో బ్రామ్ స్టోకర్ రాసిన 'డ్రాకులా'లో అతను ఒట్టి భయపెట్టే భూతం. 1976లో ఆన్ రైస్ అనే రచయిత్రి 'ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్'లో ఆ భూతం చేతే తన బాధ చెప్పించింది. ఆ తర్వాత తర్వాత వాంపైర్ ప్రేమకథల్లో హీరో అయి కూర్చున్నాడు.

ఎందుకయ్యాడంటారా? ఇలాంటి కథలో హీరో ప్రేమించేదీ ఆ అమ్మాయినే, అతనికి దాహం వేసేదీ ఆ అమ్మాయి రక్తం కోసమే. దగ్గరికొస్తే ప్రాణగండం, దూరం వెళితే దుఃఖం. పెళ్ళాడాలంటే ఆ పిల్ల తనూ చావాలి, లేదా ఆమె ముసలిదై పోతుంటే అతను పాతికేళ్ళ కుర్రాడిలాగే చూస్తూ ఉండాలి. ఏది ఎంచుకున్నా ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. ఈ ముడి బిగువుగా ఉన్నంతసేపూ పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. మరి తర్వాత భాగాలు ఎక్కడ చప్పబడతాయి? ఆ ముడి తేరగా విడిపోయినచోట. ఇదే నేను చెప్పదలచుకున్నది.

ముందు 'ట్విలైట్' చూద్దాం. రాసినావిడ స్టెఫనీ మేయర్. ఆవిడా మనలాగే ఇల్లాలు. అమెరికాలోని ఆరిజోనాలో ముగ్గురు చిన్న మగపిల్లల్ని పెంచుకుంటూ, 2003 జూన్‌లో వచ్చిన ఒక కలని పట్టుకుని మూడు నెలల్లో నవల రాసేసింది. పిల్లలకి తినిపిస్తూ, స్నానాలు చేయిస్తూ, మధ్య మధ్యలో అంత పుస్తకం రాయడం మాటలా! అది 2005లో అచ్చయింది. బెల్లా అనే పదిహేడేళ్ళ పిల్ల ఎప్పుడూ వాన కురిసే ఫోర్క్స్ అనే చిన్న ఊళ్ళో తండ్రి దగ్గరికి వస్తుంది. అక్కడ ఎడ్వర్డ్‌ని ప్రేమిస్తుంది. అతను 1918లో స్పానిష్ ఫ్లూతో పోవలసినవాడు, వాంపైర్‌గా మారి పదిహేడేళ్ళ దగ్గరే ఆగిపోయాడు.

2006లో రెండో భాగం 'న్యూ మూన్', 2007లో మూడోది 'ఎక్లిప్స్', 2008 ఆగస్టులో నాలుగోది 'బ్రేకింగ్ డాన్' వచ్చాయి. రెండో దాంట్లో ఎడ్వర్డ్ వదిలేసి వెళ్ళాక కొన్ని పేజీల్లో నెల పేరు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ పిల్ల మనసు ఎంత ఖాళీ అయిందో ఆ తెల్ల కాగితాలే చెప్పేస్తాయి. అంతదాకా బాగానే ఉంది.

చిక్కంతా నాలుగో దాంట్లో వచ్చింది. అంతకు ముందు పుస్తకాలు మనకేం చెప్పాయి? కొత్తగా వాంపైర్ అయినవాళ్ళకి మొదట్లో దాహం పట్టపగ్గాలు లేకుండా ఉంటుందని, మనుషుల దగ్గరికి రానివ్వకూడదని, బెల్లా మారితే అమ్మానాన్నల్ని ఇక వదులుకోవాల్సిందేనని చెప్పాయి. తీరా బెల్లా మారాక ఏమైంది? మొదటి రోజు నుంచే దాహాన్ని అదుపులో పెట్టుకుంది. తండ్రి ఇంటికి వచ్చి పోతూనే ఉన్నాడు. అందం వచ్చింది, బలం వచ్చింది, డబ్బుకి లోటు లేదు. ఆమెని ప్రేమించి మనసు ముక్కలైన జేకబ్ సంగతి ఏం చేశారో విన్నారా? బెల్లాకి పుట్టిన పసిపాపతో అతనికి జన్మజన్మల బంధం వేసేశారు! చంటిపిల్లని చూపించి "వీడికి ఇదే జత" అంటే ఏ తల్లికి మింగుడు పడుతుంది? చివర్లో ఇటలీ నుంచి వాంపైర్ పెద్దలు దండెత్తి వస్తారు. వందల పేజీలు మనల్ని భయపెట్టి, మాట్లాడుకుని వెనక్కి వెళ్ళిపోతారు. 2012లో సినిమా తీసినవాళ్ళకి అది చాలలేదు కాబోలు, భవిష్యత్తు చూడగల పాత్ర కంటికి కనిపించినట్టుగా పెద్ద యుద్ధం ఒకటి కల్పించి పెట్టారు.

నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది ఆ పాప సంగతి. గర్భం మోసినన్నాళ్ళూ బెల్లా పడే బాధ, ప్రసవంలో ప్రాణం మీదికి రావడం, అవన్నీ రాయగలిగినావిడే రాసింది. కానీ పాప పుట్టాక? తల్లికి నిద్ర అక్కర్లేదు, అలసట రాదు. పాప చెంప మీద చెయ్యి వేసి తనకేం కావాలో చూపించేస్తుంది. ఎత్తుకోవడానికి ఇంటినిండా మనుషులు. ఏడేళ్ళకల్లా పెద్దదైపోతుంది. ముగ్గురు పిల్లల తల్లి, పాలసీసా చేత్తో పట్టుకుని నవల రాసిన ఇల్లాలు, పెళ్ళి తర్వాత బతుకు ఎలా ఉంటుందో మనందరి కంటే బాగా తెలిసినావిడ, ఆ బతుకుని ఒక్క పేజీలో కూడా రానివ్వకపోతే ఎలాగండీ? పెళ్ళితో కథ అయిపోదని మనకి తెలుసు. అసలు ముడులు అక్కడే మొదలవుతాయి. ఆవిడ రాసి ఉంటే ఎంత బాగుండేదో!

దీనికో కారణం ఉంది. మేయర్ మొదటి పుస్తకం అవగానే నేరుగా పెళ్ళి, పాప కథే రాసి పెట్టుకుంది. మధ్య రెండు పుస్తకాలు ఆ తర్వాత వచ్చి చేరాయి. వాటిలో జేకబ్ పెద్ద పాత్ర అయ్యాడు, బెల్లా ఎదిగింది. ముగింపుకి మూలకథ మాత్రం అదే. ఏడాది కిందటి కొలతలతో జాకెట్టు కుట్టినట్టయింది. మనిషి మారితే గుడ్డ పట్టదు కదా!

ఇక 2020లో 'మిడ్‌నైట్ సన్' అని మరొకటి వచ్చింది. మొదటి నవల కథే, ఈసారి ఎడ్వర్డ్ నోట. అదే హైస్కూలు భోజనాల బల్ల, అదే అడవి, అవే మాటలు. రెండో డికాషన్ అని నేనన్నది ఇందుకే.

రెండో కథ 'ద వాంపైర్ డైరీస్'. ఇది చప్పబడిన తీరు వేరు. చదివాక కోపం రాలేదు గానీ, జాలేసింది. ఎల్. జె. స్మిత్ అనే ఆవిడ 1991లో దీన్ని మొదలుపెట్టింది. ఎలీనా అనే అమ్మాయి, ఆమె కోసం పోటీపడే స్టెఫాన్, డేమన్ అనే అన్నదమ్ములు. మూడో పుస్తకంలో ఎలీనా చనిపోతుంది. చదివేవాళ్ళు ఊరుకోలేదు, నాలుగోది వచ్చింది, ఎలీనా తిరిగి వచ్చింది. పోయినవాళ్ళు ఒకసారి తిరిగొస్తే ఇక ఆ కథలో చావుకి విలువేముంది చెప్పండి? తర్వాత ఎవరు పోయినా మన కంట నీరు రాదు, మళ్ళీ వస్తార్లే అనుకుంటాం.

2009లో ఈ కథ టీవీ సీరియల్‌గా మొదలై 2017 దాకా సాగింది. గిరాకీ పెరిగింది, పుస్తకాలూ మళ్ళీ మొదలయ్యాయి. అయితే ఆవిడ మొదట్లో ఒక కంపెనీ అడిగితే కూలికి రాసిచ్చిన కథ అది. హక్కులు వాళ్ళవి. 2011లో ఆవిడని తప్పించి, వేరేవాళ్ళ చేత రాయించారు. అట్టల మీద ఆవిడ పేరు మాత్రం అలాగే ఉంచారు! చదివే పిల్లల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు. జాడీ మీద అత్తగారి పేరు, లోపల ఊరగాయ ఇంకెవరిదో. తన కథ తనకి కాకుండా పోయిన ఆవిడ ఏం చేసిందంటారా? అభిమానులు తమకి నచ్చిన కథల్ని పొడిగించి రాసుకునేందుకు అమెజాన్ ఒక పథకం పెడితే, 2014లో అందులో తనూ ఒక అభిమానిలాగే చేరి తన ఎలీనా కథని రాసుకుంది. 2025 మార్చిలో ఆవిడ కన్నుమూసింది. తర్వాత భాగాలు బాగాలేవని రచయిత్రిని తిట్టుకునే ముందు, వంట చేసింది ఆవిడేనా అని ఒకసారి చూసుకోవాలి మరి.

మూడోది చార్లెయిన్ హారిస్ రాసిన సూకీ కథలు. 2001 నుంచి 2013 దాకా పదమూడు నవలలు. 'ట్రూ బ్లడ్' పేరుతో 2008 నుంచి 2014 వరకు టీవీలోనూ వచ్చింది. సూకీ లూసియానాలోని ఒక చిన్న ఊళ్ళో బార్‌లో వడ్డించే అమ్మాయి. ఎదుటివాళ్ళ మనసులో మాటలు ఆమెకి వినిపించేస్తాయి. పాపం, అదొక శాపం! వాంపైర్ల మనసు మాత్రం వినపడదు. అందుకే బిల్ అనే వాంపైర్ పక్కన కూర్చుంటే ఆమెకి మొదటిసారి నిశ్శబ్దం దొరికింది. ఇల్లంతా గోలగా ఉన్నప్పుడు పది నిమిషాల నిశ్శబ్దం విలువేమిటో మనకి తెలియనిదా! ఎంత చక్కటి ముడి చూడండి.

పోను పోను ఆ నిశ్శబ్దం పక్కకి పోయింది. పుస్తకానికో కొత్త జాతి వచ్చి చేరింది, తోడేలు మనుషులు, పులి మనుషులు, యక్షిణుల్లాంటివాళ్ళు. పెళ్ళివారి పట్టికలాగా పేర్లు గుర్తుపెట్టుకోవడంతోనే సరిపోయింది. ఎరిక్ అనే వాంపైర్‌నే సూకీ చివరికి చేసుకుంటుందని చాలామంది ఆశపెట్టుకున్నారు. అతను పాత ఒప్పందానికి కట్టుబడి వేరే రాణి దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. సూకీ తన బార్ యజమాని, పాత స్నేహితుడు అయిన శామ్ వైపు మొగ్గింది. అభిమానులకి ఎంత కోపం వచ్చిందో చెప్పలేను!

ఇక్కడ మాత్రం నేను రచయిత్రి వైపే. సూకీకి ఎండలో పడుకోవడమంటే ప్రాణం. పిల్లలు కావాలని కోరిక. వాంపైర్‌తో ఆ రెండూ కుదరవు. ఏది వదులుకోగలదో, ఏది వదులుకోలేదో ఆ పిల్ల తేల్చుకుంది. బెల్లాకి తేరగా దొరికినదానికి సూకీ ఖరీదు కట్టింది. నాకున్న ఫిర్యాదల్లా ఆ నిర్ణయానికి రావడానికి అన్ని పుస్తకాలు తిప్పడం మీదే. అదీ చాలనట్టు 2013లోనే ఇంకో పుస్తకం వేశారు. అందులో కథ లేదు. ఏ పాత్ర తర్వాత ఏమైందో అక్షరక్రమంలో జాబితా! బడిలో హాజరు పట్టీలాగా ఉందంటే నమ్మండి.

ఇంతకీ మనకెందుకు ఇదంతా అంటారేమో. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ ఆడపిల్లలు ఇవి చదివి, ప్రేమించినవాడితో పెళ్ళయితే చాలు, ఏమీ వదులుకోకుండానే అన్నీ వచ్చి ఒళ్ళో పడతాయనుకుంటే ఇబ్బంది మనకే. అలాగని పుస్తకం లాక్కుని బీరువాలో దాచకండి. దాచిన పుస్తకమే ముందు చదువుతారు, మనం చదవలేదూ! పక్కన కూర్చుని అడగండి: "అమ్మలూ, బెల్లా స్థానంలో నువ్వుంటే మమ్మల్ని వదిలి వెళ్ళగలవా? ఏది వదులుకుంటావు?" అని. పిల్లల మనసులో మాట తెలుసుకోవడానికి సూకీ శక్తులేమీ అక్కర్లేదు, ఇలాంటి ప్రశ్న ఒకటి చాలు.

మీ మట్టుకు మీకు ఒకటి రెండు మాటలు. మొదటి భాగం చదివి కడుపు నిండితే అక్కడే ఆగిపోవచ్చు, తప్పేం లేదు. ముడి ఇంకా మిగిలి ఉందనిపిస్తేనే రెండోది తెప్పించుకోండి. వరసంతా ఒకేసారి కొనకండి. ఒక్కొక్కటే లైబ్రరీలోనో, తెలిసినవాళ్ళ దగ్గరో తీసుకోండి. రాసినవాళ్ళ పేరు అట్ట మీదే కాదు, లోపలి పేజీలో కూడా చూడండి. పోయిన పాత్రలు తిరిగి లేచి రావడం మొదలైందంటే, మధ్యాహ్నం పూట కాస్త కునుకు తీయడం మేలు.

మీరు ఎదురుచూసి ఎదురుచూసి చదివాక ఉసూరుమనిపించిన రెండో భాగం ఏదైనా ఉంటే ఉత్తరం రాయండి. తెలుగు నవలైనా సరే, టీవీ సీరియలైనా సరే. ఎక్కడ చప్పబడిందో మాత్రం తప్పకుండా రాయాలి సుమా!