మనసూ మార్గమూ

‘మనసుంటే మార్గముంటుంది’ అని సామెత. అంగవైకల్యాన్ని అధిగమించి పేరు తెచ్చుకున్నవారిని మెచ్చుకొనేటప్పుడు అందరూ ఈ మాటే అంటారు. ఇది మంచి మాటే. కాని ఇందులో సగం సంగతే ఉంది. మనసు ఆ వ్యక్తిది. మార్గం మాత్రం చుట్టూ ఉన్న సమాజం వేయవలసినది. రెండూ కలిసినప్పుడే ఆ జీవితం నిండుగా వికసిస్తుంది.

సుధా చంద్రన్ జీవితం ఇందుకు చక్కని ఉదాహరణ. ఆమె బొంబాయిలో పెరిగారు. చిన్ననాటనే భరతనాట్యం నేర్చి ప్రదర్శనలు ఇచ్చారు. 1981లో తమిళనాడులోని తిరుచిరాపల్లి సమీపాన జరిగిన బస్సు ప్రమాదంలో ఆమె గాయపడ్డారు. గాయం కుళ్ళడంతో, ప్రాణం కాపాడడానికి వైద్యులు ఆమె కుడికాలిని మోకాలి దిగువన తొలగించవలసి వచ్చింది. అప్పటికి ఆమెకు సుమారు పదహారేళ్ళు. కాలు పోయిన నర్తకికి ఇక నాట్యమెక్కడిదని ఎవరైనా అనుకుంటారు. ఆమె అలా అనుకోలేదు. జైపూరులో తయారవుతున్న కృత్రిమ పాదాన్ని గురించి తెలుసుకొని అక్కడికి వెళ్ళారు.

ఆ పాదం కథ కూడా తెలుసుకోదగినదే. అంతకు ముందు దొరికే కృత్రిమ పాదాలు బూట్లు తొడుక్కొని కుర్చీలలో కూర్చొనేవారికి అనువైనవి. మన దేశంలో రైతు చెప్పులు లేకుండా తడిపొలంలో నడవాలి, గొంతుక్కూర్చోవాలి, నేలమీద బాసింపట్టు వేసుకొని భోజనం చేయాలి. ఈ అవసరాలను గుర్తించి, పెద్ద చదువులు చదవని రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ అనే ఎముకల వైద్యుడు కలిసి 1968 ప్రాంతంలో రబ్బరుతో, తక్కువ ఖర్చులో ఈ పాదాన్ని రూపొందించారు.

సుధా చంద్రన్ నొప్పిని ఓర్చుకొని ఆ పాదంతో నడక నేర్చారు, ఆపై నాట్యం సాధన చేశారు. 1984లో మళ్ళీ రంగస్థలం ఎక్కారు. 1985లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన ‘మయూరి’ అనే తెలుగు చిత్రంలో తన పాత్రను తానే ధరించి జాతీయ పురస్కారం పొందారు. ఆమె పట్టుదల గొప్పది. అయితే ఆ పాదమే లేకపోతే ఆ పట్టుదల ఎంత దూరం నడిచేది?

మార్గం మూసుకుపోతే ఏమవుతుందో శ్రీకాంత్ బొల్లా అనుభవం చెబుతుంది. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో రైతు కుటుంబంలో పుట్టిన ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చినా, ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవడానికి నిబంధనలు అడ్డుపడ్డాయి. న్యాయస్థానానికి వెళ్ళి అనుమతి తెచ్చుకున్నారు. తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి, 2012లో హైదరాబాదులో పరిశ్రమ స్థాపించి, వికలాంగులకు ఉద్యోగాలు ఇచ్చారు. ఆయనకు అడ్డుపడినది కన్ను కాదు, కాగితం మీది నిబంధన. కోర్టు మెట్లు ఎక్కలేక చదువు మానుకొన్న పిల్లల పేర్లు ఎవరికీ తెలియవు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వారి హక్కుల కోసం 1995లో ఒక చట్టం, దాని స్థానంలో 2016లో మరింత విస్తృతమైన చట్టం వచ్చాయి. కాని చట్టం వచ్చినంత మాత్రాన బడి గుమ్మం ముందు మెట్లు కరిగిపోవు. ‘కొద్దిమంది కోసం ఇంత ఖర్చా?’ అని అడిగేవారున్నారు. మెట్ల పక్కన వేసిన వాలుబాట మీద చక్రాల కుర్చీయే కాదు, కర్ర పట్టుకొన్న తాతగారూ, చంటిబిడ్డను ఎత్తుకొన్న తల్లీ సులువుగా నడుస్తారు. ఒకరి కోసం వేసిన బాట అందరికీ పనికివస్తుంది.

వైకల్యం ఉన్నవారిని చూసి ‘అయ్యో పాపం’ అనడం తేలిక. అవకరాన్నే పేరుగా పెట్టి పిలవడం అంతకన్నా తేలిక. ఈ రెండూ వారికి అక్కరలేదు. తరగతిలో వినబడని స్నేహితుడికి పాఠం రాసి చూపడం, చూపులేని స్నేహితురాలికి పుస్తకం చదివి వినిపించడం, ఆటలో వారికీ చోటివ్వడం ఏ విద్యార్థికైనా సాధ్యమే. వారికి మనసు ఉంది. మార్గం వేయడం అందరి బాధ్యత.