వెనక గోడ మాదేనా?

మా పెరటి గోడకు నోటీసు అంటించి పోయినారు. రెండు పేజీలు, అంతా కన్నడ. కన్నడ మీడియంలో చదివిన పుణ్యానికి మేమే ఇంట్లో అందరికీ చదివి వినిపించాం. సర్వే ప్రకారం మా స్నానాల గది, బట్టలుతికే బండ, కొబ్బరిచెట్టు రాజకాలువె హద్దులో ఉన్నాయట. "ముప్పై ఏండ్లుగా పన్ను కడతా ఉన్నామే" అన్నాడు నాయన. "ఎవురో కావాలని పెట్టించినారు" అన్నాడు చిన్నాయన. అవ్వ ఒక్కతే, "వాన పడితే ఆ నీళ్ళు యాడికి పోవాల?" అనింది.

సర్కారువారి దిశాంక్ యాప్ తెరిచి చూశాం. సర్వే నంబరు, దాని పక్కన కాలువ గీత, గీత మీద మా ఇల్లు. ఆఫీసులో టెస్టింగ్ చేసేటప్పుడు తప్పు ఎవరిదని అడగం, ముందు ఎక్కడుందో చూస్తాం. ఇక్కడ అది మా పెరట్లోనే ఉంది.

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మా ముత్తాత కోలారు పక్క ఒక ఊళ్ళో నీరుగంటి. తూము ఎప్పుడు తెరవాలో, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళో ఆయన చెప్పినట్టే. ఈ సీమలో చెరువులు తవ్విన వడ్డెర్లలో చాలామంది ఇండ్లలో తెలుగే. అట్లాంటి చోట నుంచి వచ్చి మేము కాలువ మీద స్నానాల గది కట్టుకున్నాం.

పన్ను కట్టినంత మాత్రాన భూమి మనదైపోదు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల గురించి చెప్పింది ఇదే: ఎన్నేండ్లుగా ఉన్నా, ఎంత ఖర్చు పెట్టినా అది హక్కు కాదు. భూమి లేని కూలీలకో, ఎస్సీ, ఎస్టీలకో సర్కారు ఇచ్చిన పట్టాల వంటి వాటికే మినహాయింపు. కర్ణాటకలో సర్కారు భూమిలో గుడిసె వేసుకున్న పేదలకు 94-సి, 94-సిసి కింద హక్కుపత్రాలు ఇస్తారు. అది న్యాయమే. మేము ఆ లెక్కలోకి రాము, సైటు కొన్నవాళ్ళం. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూల్చివేతకు ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలన్న తీర్పును మా బంధువులు హైదరాబాదు నుంచి కూడా వాట్సాప్‌లో పంపారు. రోడ్డు, ఫుట్‌పాత్, నీటి వనరుల మీద ఉన్నవాటికి ఆ రక్షణ లేదని అదే తీర్పులో ఉంది. ఆ పేజీ ఎవరూ పంపలేదు.

అంతమాత్రాన నోటీసు ఇచ్చినవాళ్ళంతా ధర్మరాజులని కాదు. 2016 ఆగస్టులో బెంగళూరులో రాజకాలువెల మీది ఇండ్లు పడగొట్టినప్పుడు ప్లాను మంజూరైనవీ, బ్యాంకు అప్పుతో కట్టినవీ పోయాయి. మంజూరు చేసిన సంతకాలు ఎవరివి? మెజెస్టిక్ బస్టాండు ధర్మాంబుధి చెరువు, కంఠీరవ స్టేడియం సంపంగి చెరువు. సర్కారే చెరువు పూడ్చి కట్టిన ఊళ్ళో మనిషికి హద్దు ఎట్లా తెలుస్తుంది? మా వీధిలో చిన్న ఇండ్లకే గీత పడింది. పైన ఉన్న లేఔటు కాంపౌండు దగ్గరికి వచ్చేసరికి కాలువ ఎట్లనో వంకర తిరిగింది.

మేము అడిగేది ఒక్కటే. ఈ చెరువు కోడి నుంచి ఆ చెరువు దాకా రెండు వైపులా ఒకేసారి కొలవండి, రాళ్ళు నాటండి, నక్ష వార్డు ఆఫీసు గోడకు అంటించండి. అందరికీ అదే టేపు. వీధిలో పదకొండు ఇండ్లవాళ్ళం కలిసి అర్జీ రాసిచ్చాం. కొందరు స్టే తెచ్చుకుందామన్నారు. స్టే వస్తే నాలుగేండ్లు నిద్ర పడుతుంది, వాన మాత్రం ఆగదు కదా. మేము అందులో చేరలేదు. చిన్నాయన ఇప్పటికీ మాట్లాడడం లేదు.

ఉతికే బండను ముందు వాకిట్లోకి జరిపాం. స్నానాల గది కొలత వచ్చాక తీసేస్తాం. కొబ్బరిచెట్టు సంగతి ఇంకా తెగలేదు, అది అవ్వ నాటింది.