రీసైకిల్ ప్లాస్టిక్‌కు గిరాకీ ఏది?

వాడి పారేసిన ప్లాస్టిక్‌ను మళ్లీ కొత్తదానికి దీటుగా మార్చడం హైదరాబాద్‌లో 2013లో మొదలైన బన్యన్ నేషన్ అనే అంకుర సంస్థ ఎంచుకున్న పని. రీసైక్లింగ్ దేశానికి కొత్త కాదు. చెత్త ఏరుకునేవారు, పాత సామాన్ల కొట్లవారు దశాబ్దాలుగా ఆ భారం మోస్తున్నారు. అయితే రకరకాల ప్లాస్టిక్‌లు కలిసిపోవడం, సిరా, జిగురు వదలకపోవడం వల్ల షాంపూ సీసా మళ్లీ షాంపూ సీసా అయ్యేది కాదు. నాసిరకం బకెట్టో మగ్గో అయి, కొన్నాళ్లకు చెత్తకుప్పకే చేరేది. బన్యన్ నేషన్ తుక్కు వ్యాపారులను పక్కకు నెట్టకుండా తన సేకరణలో కలుపుకొంది. సరుకును రకాలవారీగా వేరుచేసి, శుభ్రంగా కడిగి, నాణ్యమైన గుళికలు చేస్తోంది. అవి టాటా మోటార్స్ కార్ల బంపర్లలోకి, హిందుస్థాన్ యూనిలీవర్ సీసాల్లోకి వెళ్లాయి. సుస్థిరాభివృద్ధికి ఇంతకంటే సూటి నిదర్శనం అక్కర్లేదు.

కానీ ఇలాంటి సంస్థల మనుగడ వాటి చేతుల్లో లేదు. ప్లాస్టిక్ పుట్టేది ముడిచమురు నుంచి. చమురు చౌకైతే కొత్త గుళికల ధర పడిపోతుంది. ఏరడానికి, కడగడానికి అయ్యే ఖర్చు మాత్రం తగ్గదు. ప్లాస్టిక్ చెత్తతో పూడుకుపోయిన మురుగు కాలువల నష్టం కొత్త ప్లాస్టిక్ ధరలో కలవదు, దాన్ని పన్నులు కట్టే పట్టణవాసులే భరిస్తున్నారు. ఈ అన్యాయపు లెక్కను అంకుర సంస్థల పోటీలు, పురస్కారాలు సరిచేయలేవు. ఆ పని చట్టానిదే.

చట్టం ఇప్పటికే ఉంది. కేంద్రం 2022 ఫిబ్రవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, గట్టి ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌లో రీసైకిల్ చేసినది 2025-26లో 30 శాతం, 2028-29కి 60 శాతం ఉండాలి. కంపెనీలు కచ్చితంగా కొనాల్సి వస్తేనే అంకుర సంస్థలకు స్థిరమైన గిరాకీ ఏర్పడుతుంది. అయితే రీసైకిల్ చేయకుండానే చేసినట్టు చూపే నకిలీ ధ్రువపత్రాలు లక్షల సంఖ్యలో ఉన్నట్టు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీల్లోనే బయటపడింది. కాగితాలతోనే పని జరిగిపోతున్నప్పుడు నిజంగా యంత్రాలు నడిపేవాడు నష్టపోక తప్పదు.

అందుకే కర్మాగారాల్లో ఆకస్మిక తనిఖీలు జరగాలి, వాటి ఫలితాలను ప్రజల ముందు పెట్టాలి. తడి, పొడి చెత్తను ఇంట్లోనే వేరుచేయాలన్న నిబంధనను పురపాలక సంఘాలు గట్టిగా అమలు చేయాలి. చెత్త ఏరేవారికి గుర్తింపు కార్డులు, చేతి తొడుగులు, న్యాయమైన ధర దక్కాలి. కంపెనీల ఒత్తిడి ఎంత ఉన్నా, 60 శాతం లక్ష్యాన్ని ప్రభుత్వం ఒక్క శాతం కూడా తగ్గించకూడదు.