పాత బెంచీ మిత్రుడి కన్ను

ప్రశ్న: మేము 1986లో మఠంపల్లి హైస్కూల్లో పదో తరగతి పాసయ్యాం. దాదాపు 40 ఏళ్ళకు ఈ మధ్య అందరం కలుసుకున్నాం. నా బెంచీ మీద కూర్చునే మిత్రుడు ఇప్పుడు కోదాడలో వ్యాపారం చేసుకుంటున్నాడు. ఒకప్పుడు క్లాసంతటినీ నవ్వించినవాడు ఆ రోజంతా మొహంలో ఏ మార్పూ లేకుండా కూర్చున్నాడు. మాట సన్నగిల్లింది. నడుస్తుంటే కుడిచెయ్యి ఒంటికి అంటుకుపోయినట్టు ఊగడమే లేదు. ‘వయసు మీద పడింది, అంతే’ అని ఇంట్లోవాళ్ళు అంటున్నారట. నేను డాక్టర్ని కాను. ఏమైనా అంటే బాధపడతాడేమోనని ఊరుకున్నాను. చెప్పాలంటారా?

– ఒక పాఠకుడు, మఠంపల్లి

జవాబు: చెప్పాలి. ఈ వారంలోనే చెప్పండి. మీరు రాసిన లక్షణాలు మూడూ ఒకే మనిషిలో కనబడితే పార్కిన్సన్ జబ్బు ఉందేమో పరీక్ష చేయించుకోవలసిందే. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీన్ని వర్ణించాడు. మనవాళ్ళు వణుకుడు రోగం అంటారు. ఆ పేరే మనల్ని మోసం చేస్తుంది. చెయ్యి వణకడం లేదు కనుక ఆ జబ్బు కాదని ధైర్యంగా ఉంటాం. కాని వణుకు లేకుండా కూడా ఇది మొదలవుతుంది. సాధారణంగా ముందు ఒక పక్కనే వస్తుంది. వాసన తెలియకపోవడం, మలబద్ధకం కొందరిలో ఏళ్ళ ముందు నుంచే ఉంటాయి. చేతిరాత రానురాను చిన్నదవుతుంది. వ్యాపారస్థుడంటున్నారు కనుక అయిదేళ్ళ కిందటి పద్దుల పుస్తకమూ, ఈ ఏటి పుస్తకమూ పక్కపక్కన పెట్టి చూడమనండి. ఆ రెండూ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళితే ఇంకా మంచిది. జబ్బును పూర్తిగా పోగొట్టే మందు లేదు గాని, లక్షణాలను చాలావరకు అదుపులో పెట్టి మనిషి తన పని తాను చేసుకునేలా చేసే మందులున్నాయి. దూలగొండి గింజల్లో ఈ జబ్బుకు వాడే లెవోడోపా ఉన్న మాట నిజమే. అలాగని గింజలు నూరి మింగడం మొదలుపెట్టవద్దు. ఎంత మోతాదు లోపలికి వెళుతున్నదీ ఎవరికీ తెలియదు.

భార్యాబిడ్డలు ఎందుకు పోల్చలేదని మీకు అనిపించవచ్చు. వారిది అశ్రద్ధ కాదు. రోజూ చూసే కన్ను మనిషిని నిన్నటితో పోల్చుకుంటుంది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏముంటుంది? మీరు 40 ఏళ్ళ కిందటి మనిషితో పోల్చారు. ఇంకొకటి కూడా ఉంది. ఒక క్లాసు పిల్లలంటే ఇంచుమించు ఒకే వయసువాళ్ళు. వయసు వల్ల వచ్చే మార్పయితే అందరిలో ఎంతో కొంత కనబడాలి. జుట్టు నెరవడం అందరికీ ఉంటుంది. చెయ్యి ఊగకపోవడం మాత్రం ఆయన ఒక్కరికే ఉంది. ‘వయసు మీద పడింది’ అనే మాట అక్కడ చెల్లదు.

ఇలా పాత స్నేహితుల కంటికి దొరికే జబ్బులు మరికొన్ని ఉన్నాయి. మొహం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, ఎండాకాలంలో కూడా చలి అనే మనిషికి థైరాయిడ్ గ్రంథి చాలినంత పనిచేయడం లేదేమో చూడాలి. ఇది ఆడవారిలో ఎక్కువ. పెళ్ళయి దూరపు ఊళ్ళకు వెళ్ళిన ఆడపిల్లలు ఇటువంటి కలయికలకు రావడమే కష్టం. వచ్చినప్పుడు ‘అబ్బ, ఎంత లావయ్యావే!’ అని నవ్వి ఊరుకుంటారు. ఒక్క రక్తపరీక్షతో తేలిపోయే సంగతి అది. ఇక పిట్యూటరీ గ్రంథిలో కంతి పెరిగితే ముక్కు, పెదవులు, గడ్డం మొద్దుబారుతాయి, ఉంగరం బిగుసుకుపోతుంది, చెప్పుల సైజు పెరుగుతుంది. ఇది అరుదైన జబ్బే. ఏళ్ళ తరబడి మెల్లగా ముదరడం వల్ల ఇంట్లోవారు గుర్తుపట్టరు. అనుమానం వస్తే వైద్యులు పాత ఫోటోలు తెమ్మని అడుగుతారు. మీ పదో తరగతి గ్రూప్ ఫోటో అక్కడ అక్కరకు వస్తుంది.

జ్ఞాపకశక్తి విషయంలో మాత్రం తొందరపడి సంతోషించకండి. లెక్కల మాస్టారి తిట్లు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పే మిత్రుడు ‘నీకెంతమంది పిల్లలు?’ అని గంటలో నాలుగుసార్లు అడిగితే ఆలోచించాలి. మతిమరుపు జబ్బులో ముందు చెరిగిపోయేవి నిన్నా మొన్నా సంగతులు. చిన్ననాటివి చాలాకాలం నిలుస్తాయి.

అయితే క్లాసంతటికీ ఉన్న లోపం క్లాసువారి కంటికి ఆనదు. పాత నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు చదువుకున్నవారిని అడగండి. గారపళ్ళు అందరికీ ఉండేవి కనుక పళ్ళంటే అలాగే ఉంటాయనుకునేవారు. అది నీళ్ళలోని ఫ్లోరైడు చేసిన పని. ఎముకలు బిగుసుకుపోయే దాకా ముదిరిన కేసుల గురించి డాక్టర్ సిద్దీఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్లో రాశారు. ఆ ప్రాంతంలో పెరిగినవారికి మెడ, నడుము వంగకపోతే చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారో కూడా డాక్టరుకు చెప్పాలి.

ఇక చెప్పే పద్ధతి. నలుగురిలో అనవద్దు. వాట్సాప్ గ్రూపులో అసలు వద్దు. ‘ఏందిరా ఇట్లయినవ్’ అన్న మాట ప్రేమతో అన్నా గుచ్చుకుంటుంది. విడిగా పిలిచి, జబ్బు పేరెత్తకుండా, కంటికి కనబడినదే చెప్పండి: ‘నడిచేటప్పుడు నీ కుడిచెయ్యి ఊగుతలేదు, ఒకసారి చూపించుకుందాం, నేనూ వస్తా.’ ‘చూపించుకో’ అనడం వేరు, ‘వస్తా’ అనడం వేరు. ఆయన భార్యకు కూడా తెలియజేయండి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ముందు అక్కడి ఫిజీషియనుకు చూపించండి. అవసరమైతే ఆయనే హైదరాబాదులో నరాల నిపుణుడి దగ్గరికి పంపుతారు.

ఒక్క హెచ్చరిక. పలకరింపులు కాగానే జేబుల్లోంచి మాత్రల పట్టీలు బయటికి వస్తాయి. ‘నాకిది బాగా పనిచేసింది, నువ్వూ వేసుకో’ అంటారు. ఒకరి షుగరు మాత్ర మరొకరిని కళ్ళు తిరిగి పడేయగలదు. భోజనం మూడు గంటలకు గాని పెట్టరని తెలిస్తే షుగరున్నవారు ముందే రెండు ఇడ్లీలు తిని బయలుదేరండి. మధ్యాహ్నం వేసుకోవలసిన మాత్ర విస్తరి ముందు కూర్చున్నాకే వేసుకోండి.