గూడు నచ్చితేనే జోడీ!

సొంతిల్లుంటేనే పిల్లనిస్తామంటారు కొందరు మామలు. గిజిగాళ్లలో ఆ షరతు ఆడపక్షే పెడుతుంది. వానలు పడితే చాలు, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం లాంటి చోట్ల తాటి, ఈత చెట్లే వీటి పెళ్లిపందిళ్లు. మగపక్షి తలకు పసుపు రంగు వస్తుంది. గడ్డిపోచలతో గూడు సగం అల్లి, రెక్కలాడిస్తూ పిలుస్తుంది. ఆడపక్షి లోపలంతా చూసుకుంటుంది. నచ్చితే సరే, లేదంటే ఆ గూడు సగంలోనే ఆగిపోతుంది! జోడీ కుదిరి గుడ్లు పెట్టాక మగపక్షి ఇంకో గూడు మొదలెడుతుంది... మరో జోడీ కోసం. 1930లో సలీం అలీ ఈ తంతును దగ్గరుండి గమనించారు. తరతరాల ఆడపక్షుల ఎంపికే మగవాటికి ఈ పనితనం నేర్పిందంటుంది పరిణామ శాస్త్రం. కానీ ప్లాట్ల కోసం చెట్లు కొట్టేస్తే, ఎంతటి పనిమంతుడికైనా ఆ ఏడు పెళ్లి లేనట్టే!